బెల్లంపల్లి సంతోషమ్మ చుక్కల చదువు

సంతోషమ్మ తండ్రి మోషే బెల్లంపల్లి బొగ్గుబాయిలో గొలుసు పట్టేవాడు. సర్వేయర్ దుర్భిణికి కన్ను ఆనించి చూస్తుంటే, మోషే కొలత గొలుసు కొస పట్టుకొని సొరంగంలో ముందుకు నడిచి, ఆయన చెప్పినచోట గోడకు సున్నంతో గుర్తు పెట్టేవాడు. భూమి కింద చెరో వైపు నుంచి తవ్వుకుంటూ వచ్చిన రెండు దారులు ఒకచోట కలవాలంటే ఆ గుర్తుల్లో జానెడు తేడా ఉండకూడదు. చదువు మిషన్ బడిలో మూడో తరగతితోనే ఆగినా, తన గొలుసు తప్పు చెప్పిన రోజు లేదని మోషే నలుగురిలో ధీమాగా అనేవాడు. ఆ ధీమా బిడ్డకూ వచ్చింది.

ఏడాదికి రెండు మూడుసార్లు సర్వేయర్ తెల్లవారకముందే ఆరుబయట దుర్భిణి నిలబెట్టి, ధ్రువనక్షత్రాన్ని చూసి ఉత్తరం ఎటో గట్టి చేసుకునేవాడు. సంతోషమ్మకు తొమ్మిదేళ్లప్పుడు అట్లాంటి ఒక పొద్దున తండ్రికి చాయ తీసుకుపోయింది.

“బాపూ, మీదున్న చుక్కను జూసి కింద బొగ్గు తవ్వుడేంది?”

“ఉత్తరం అంతటా ఒక్కటే బిడ్డా. మీద దొరకవట్టుకొని కిందికి దించుకునుడే.”

సర్వేయర్ నవ్వి, ధ్రువుడు కూడా ఉన్నచోట ఉండడనీ, చిన్న సున్నా చుట్టినట్టు తిరుగుతాడనీ, ఏ గంటకు ఎటున్నాడో పట్టిక చూసి సరిచేసుకోవాలనీ చెప్పాడు. మోషే ముఖం చిన్నబోయింది. అన్నేళ్లుగా కదలదని నమ్మిన చుక్క అది. సంతోషమ్మకు మాత్రం ఆ కదిలే ధ్రువుడే నచ్చాడు. ఆ పట్టిక రాసిందెవరని అడిగింది. ఎవరో లెక్కలు చదువుకున్నవాళ్లని సర్వేయర్ అన్నాడు.

ఆమె తల్లి సమ్మక్క కంపెనీ దవాఖానలో ఆయా. బిడ్డను నర్సును చేయాలని ఆమె కోరిక. మిషన్ కుటుంబాల ఆడపిల్లలకు అప్పట్లో రెండే దారులు కనిపించేవి, నర్సు లేకుంటే పంతులమ్మ. సంతోషమ్మ హైదరాబాదు మిషన్ బోర్డింగులో పెరిగి, ఆ రెండు దారులనూ దాటి లెక్కలు, భౌతికశాస్త్రం తీసుకొని, 1961లో బీఎస్సీ మొదటి తరగతిలో ప్యాసయింది. ఆ ఎండాకాలమే ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టేది. కానీ పట్టాల మీద బొగ్గు మోసే ఇనుప టబ్బు తగిలి మోషే కాలు విరిగింది. సమ్మక్క కొలువుకు పోతే ఆయనను చూసుకునే మనిషి లేక, సంతోషమ్మ బెల్లంపల్లిలోనే ఉండిపోయి, కార్మికుల పిల్లల బడిలో ఒక సంవత్సరానికి లెక్కలు చెప్పే పనికి కుదిరింది. వచ్చే ఏడు వైర్‌లెస్ చదువుతానని అందరికీ చెప్పేది. రేడియో స్టేషన్లలో, రక్షణశాఖ ప్రయోగశాలల్లో కొలువులున్నాయని కాలేజీలో అనుకోగా విన్నది. తండ్రి కాలు జనవరి నాటికి అతికింది. కొంచెం కుంటుతూనే మళ్లీ గొలుసు పట్టాడు.

ఆ ఫిబ్రవరిలో లోకమంతా అష్టగ్రహ కూటమి మాటే. ఎనిమిది గ్రహాలు మకరరాశిలో కూడుతున్నాయనీ, మూడో తారీకు నుంచి ఐదో తారీకు దాకా ప్రళయమనీ ఊరూరా యజ్ఞాలు, భజనలు. బాయిల దగ్గర భయం ఇంకో రకం. భూమి దద్దరిల్లితే ఇంట్లో ఉన్నవాడు వాకిట్లోకి ఉరుకుతాడు. బాయిలో ఉన్నవాడు ఎక్కడికి ఉరుకుతాడు?

రెండో తారీకు శుక్రవారం మొదటి షిఫ్టు దిగిపోయాక బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంపు రూము ముందు నూరు నూటయాభై మంది గుంపు కట్టారు. శనివారం దిగాలా వద్దా అన్నదే మాట. ఆ గుంపుకు పెద్ద కొమురెల్లి. ఆయన బాయిలో సర్దారు. మనుషులు పని మొదలుపెట్టకముందే సొరంగం కప్పును కర్రతో కొట్టి, సద్దు విని, ఇక్కడ బండ గట్టిగా ఉంది, అక్కడ ఊడేటట్టుంది అని తేల్చడం ఆయన పని. ఆయన కర్ర ఊ అనకుండా ఎవడూ అడుగు ముందుకు వేసేవాడు కాదు.

“నా బిడ్డ గిదే చదువుకున్నది. దాన్ని అడుగుదాం” అని మోషే బడికి మనిషిని పంపాడు.

సంతోషమ్మ చేతిలో సుద్దముక్కతోనే వచ్చింది. అంతమంది మగవాళ్ల నడుమ నిలబడి మాట్లాడటం అదే మొదలు. అయినా జంకలేదు. బోర్లించిన టబ్బు మీద సూర్యుణ్ణి గీసింది, భూమిని గీసింది, గ్రహాలు ఎక్కడెక్కడున్నాయో చుక్కలు పెట్టింది.

“గివన్ని సూర్యుని దిక్కే ఉన్నయి. అందుకే పగటి వెలుగుల కనవడయి. సూర్యుని, చంద్రుని ఇడిసి తక్కిన గ్రహాలన్ని కలిసి సముద్రాన్ని పొంగించే లాగుడు, చంద్రుడు పొంగించే లాగుడుల లక్షోవంతు గూడ కాదు. అమాస అమాసకు సూర్యుడు, చంద్రుడు ఒక్కదిక్కే ఉంటరు గదా? అమాసకు ఎన్నడన్న బాయి కూలిందా?”

గుంపులో కొందరు తలలూపారు. “పోరి సక్కగ చెప్తున్నది” అన్నాడొకడు. కొమురెల్లి మాత్రం టబ్బు దగ్గరికి వచ్చి, సుద్దచుక్కలను కాసేపు చూశాడు.

“బిడ్డా, నేను కప్పును కర్రతోని కొట్టి చూసి, గప్పుడు దిగమని చెప్త. నా చెవితోని విన్నదే చెప్త. నువ్వేం కొట్టి చూసినవ్?”

ఆయన ఎగతాళికి అనలేదు. తెలుసుకుందామనే అడిగాడు. సంతోషమ్మ పుస్తకంలో ఉందని చెప్పబోయి ఆగింది. లక్షోవంతు అన్న లెక్క ఆమె చేసిందే, కానీ అందులో వేసిన దూరాలు, బరువులు ఎవరో కొలిచినవి. వాళ్లు ఎట్లా కొలిచారో ఆమెకు తెలియదు. ఆ ఎనిమిదింటిలో ఆమె తన కంటితో దుర్భిణిలోంచి చూసింది ఒక్కటి కూడా లేదు.

“నేను కొట్టి చూడలే పెద్దబాపూ. కొట్టి చూసినోళ్లు రాసింది చదివిన.”

“గట్ల నిజం చెప్పినవ్. మంచిది” అని కొమురెల్లి గుంపు వైపు తిరిగాడు. “రేపు నేను దిగుత. ఎప్పటి తీర్గనే కప్పు కొట్టి చూస్త. బండ మంచిగున్నదంటే రండ్రి, లేదంటే లేదు.”

“నేను గూడ” అన్నాడు మోషే.

శనివారం నలభై మంది దిగారు. సమ్మక్క దవాఖాన వాకిట్లో నిలబడి షిఫ్టు అయిపోయిన సైరను మోగేదాకా ప్రార్థన చేస్తూనే ఉంది. అందరూ ఎట్లా దిగినవాళ్లు అట్లాగే పైకి వచ్చారు. సోమవారం అమావాస్య నాడు నూరు మందికి పైగా దిగారు. మంగళవారం భయపడినవాళ్లే భయపడినవాళ్లను చూసి నవ్వుకున్నారు. బడికి వెళ్తుంటే సంతోషమ్మను చూసి “ప్రళయాన్ని ఆపిన పంతులమ్మ” అని మెచ్చుకున్నారు. ఆమెకు ఆ మెప్పు ఒంటబట్టలేదు. కొమురెల్లి మాటే చెవిలో మెదిలింది. ఆకాశం కప్పును కర్రతో కొట్టి చూసే చదువు ఎక్కడుంది?

జూన్‌లో తండ్రీబిడ్డలు హైదరాబాదు రైలెక్కారు. యూనివర్సిటీ సైన్సు కాలేజీ నోటీసు బోర్డు ముందు సంతోషమ్మ కాగితం మీద రాసుకుంది. ఎమ్మెస్సీ ఫిజిక్సులో చేరితే రెండో ఏడు మూడు దారులు. వైర్‌లెస్ ఒకటి. ఎక్సురేలతో స్ఫటికాల లోపలి అమరిక చూసేది రెండోది. మూడోది అణుశక్తి చదువు, అది చదివితే బొంబాయి అణుశక్తి కేంద్రంలో కొలువుకు పోవచ్చు. ఇవిగాక ఖగోళశాస్త్రానికి వేరుగా ఎమ్మెస్సీ ఉంది. దానికి నాలుగే సీట్లు. బోర్డు ముందు నిలబడ్డ అబ్బాయిలు మొదటి మూడింటి దగ్గరే గుమిగూడారు. ఆ నాలుగోదాన్ని ఎవరూ చదవనైనా చదవలేదు.

“దేనికి రాస్తున్నవ్?” అన్నాడు మోషే.

“గీ ఆఖరు దానికి బాపూ.”

“వైర్‌లెస్ అంటివి గదా?”

“అంటి. ఇప్పుడు గిది అంటున్న.”

“మన చర్చి పాదిరి అయ్యగారు ఏమంటడో! కొలువు దొరుకుతదా దీంతోని?”

“ఫిజిక్సు పాఠాలు దీంట్ల గూడ చెప్తరు. ఏ కాలేజీల అయినా ఫిజిక్సు చెప్పుకొని బతుకుత. ఫికర్ జెయ్యకు.”

సీట్ల కోసం మాట్లాడే రోజు, చుక్కలను పరిశీలించే యూనివర్సిటీ వేధశాలలోనే ఒక పెద్ద బల్ల వెనుక ప్రొఫెసరు కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, మెత్తని మాట. లెక్కల్లో రెండు ప్రశ్నలు వేసి, జవాబులకు తృప్తిపడి, కలం కింద పెట్టాడు.

“చూడమ్మా, మార్కులు బాగున్నాయి. కానీ ఈ చదువులో రాత్రిళ్లు దూరదర్శిని దగ్గర పనిచేయాలి. ఇంతవరకు ఇక్కడ అమ్మాయిలెవరూ చేయలేదు. మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా?”

“సార్, మా బాపు ముప్పై ఏండ్ల సంది మూడు షిఫ్టులు చేస్తుండు. మా అవ్వ దవాఖానల రాత్రి డ్యూటీ చేస్తది. రాత్రిపూట పనికి పోవుడు మా ఇంట్ల వింత కాదు. బాపు బయటనే కూసున్నడు, మీరే అడుగుండ్రి.”

ప్రొఫెసరు నిజంగానే మోషేను లోపలికి పిలిపించాడు. మోషే తలపాగా సర్దుకుని వచ్చి, కుర్చీలో కూర్చోనని నిలబడే ఉన్నాడు. బల్ల పక్కన ఒక యంత్రం మీద గాజుపలక బిగించి ఉంది. పలక నిండా మిరియాలు చల్లినట్టు నల్లని చుక్కలు. అది ఆకాశం ఫోటో అనీ, ఆ నల్లటివన్నీ నక్షత్రాలనీ, ఒక్కోటి ఎక్కడుందో ఈ మర తిప్పి కొలుస్తామనీ ప్రొఫెసరు చెప్పాడు. మోషే వంగి ఆ మరను, దాని మీది సన్నని గీతలను చాలాసేపు చూశాడు.

“దొరా, గిది ఎంత సన్నం కొలుస్తది?”

“వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు.”

“మా గొలుసుకు గిది తమ్ముడే. జర ముద్దుగ పెరిగిన తమ్ముడు.” నిటారుగా నిలబడి బిడ్డ వైపు చూశాడు. “కొలిచే పని అయితే మా పిల్ల చేస్తది. రాత్రయితేంది, పగలయితేంది. కొలిచేటోనికి దీపం, ఓపిక ఉంటే చాలు.”

ప్రొఫెసరు నవ్వి దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. రాత్రి పని ఉన్న రోజుల్లో తోడుగా హాస్టలు ఆయాను పంపే ఏర్పాటు కూడా ఆయనే మాట్లాడి చేశాడు.

ఆ రెండేళ్లు తేలిగ్గా గడవలేదు. గోళాల మీద గీసే త్రిభుజాల లెక్కలు మొదట్లో మింగుడు పడలేదు. మొదటి మూడు నెలల పరీక్షలో నూటికి ముప్పై ఒకటి వచ్చాయి. డిగ్రీలో మొదటి తరగతి తెచ్చుకున్న పిల్లకు అది చెంపదెబ్బే. నారింజపండు మీద ఇంకుతో గీతలు గీసుకుంటూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. హాస్టల్లో ఆ నెల ఆమె తిన్న నారింజలన్నీ నీలం చారలవే.

పగలు ఎక్కువగా ఆ గాజుపలకల పనే. ఒక రోజు ఒకే నక్షత్రాన్ని పదిసార్లు కొలవమన్నారు. పదిసార్లకూ పది వేర్వేరు అంకెలు వచ్చాయి. తేడా చాలా చిన్నదే, కానీ తేడా తేడానే. తండ్రి గొలుసు ఎన్నడూ తప్పలేదే, తన చేయి ఎందుకు తప్పుతోంది? ఎండ వేడికి యంత్రం సాగుతోందేమోనని మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్లీ కొలిచింది. తేడా తగ్గింది కానీ పోలేదు. కాగితం తీసుకుపోయి ప్రొఫెసరు ముందు పెట్టి, తల దించుకుంది.

“పదిసార్లకూ ఒకే అంకె తెచ్చి ఉంటే, నువ్వు కొలవకుండా రాశావనుకునేవాణ్ణి. కొలత అంటే ఇంతేనమ్మా. ఎంత తెలిసిందో చెప్పాలి, ఎంత తెలియలేదో కూడా పక్కనే రాయాలి. పొద్దున వేళ తేడా తగ్గిందని పట్టుకున్నావు చూడు, అది మంచి పని.”

ఆ డిసెంబరులో క్రిస్మసుకు ఇంటికి వెళ్లినప్పుడు, ప్రార్థన అయిన మర్నాడు ఆమె కొమురెల్లి క్వార్టరుకు పోయింది. ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

“కొట్టి చూసిన పెద్దబాపూ” అంది.

“ఏంది బిడ్డా?”

“చుక్కను. పదిసార్లు కొట్టి చూస్తే పదితీర్ల సద్దు చెప్పింది.”

కొమురెల్లి నవ్వి నవ్వి దగ్గాడు. “గిప్పుడు నీ మాట నమ్ముత. బండ గూడ గంతే. ఒక్క దెబ్బకు నిజం చెప్పదది. నాలుగు దిక్కుల కొట్టాలె, పొద్దుగాల కొట్టాలె, నీళ్లు దిగినంక కొట్టాలె. ఒక్కసారి కొట్టి ‘మంచిగున్నది’ అనేటోడు చంపుతడు.”

ఆ మాట ఆమె తన కొలతల పుస్తకం మొదటి పేజీలో రాసుకుంది.

1964లో రెండో ర్యాంకుతో ఎమ్మెస్సీ అయింది. తండ్రికి చెప్పినట్టే ఫిజిక్సు పాఠాలే బతుకుతెరువయ్యాయి. కరీంనగర్‌లో ప్రభుత్వ కాలేజీలో లెక్చరరు పని దొరికింది. ఆ కాలేజీ సైన్సు విభాగంలో ఆమె ఒక్కతే ఆడమనిషి. మొదటి వారం వెనుక బెంచీల నుంచి ఈలలు వినిపించాయి. ఆమె పాఠం ఆపలేదు. ఈల వేసినవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి, ఆ ఈల శబ్దం సెకనుకు ఎన్ని కంపనాలో లెక్క కట్టించింది. వాడు చెమటలు కక్కాడు. మళ్లీ ఎవరూ వేయలేదు.

మరుసటి ఏడు శీతాకాలం మొదట్లో తెల్లవారుజామున తూర్పున తోకచుక్క కనిపించింది. సరిహద్దులో యుద్ధం అప్పుడే ముగిసింది, జనం ఇంకేదో కీడు రాబోతోందన్నారు. సంతోషమ్మ మూడో సంవత్సరం పిల్లలను మానేరు ఒడ్డుకు రమ్మంది. పన్నెండు మంది అబ్బాయిలు, ఒక్క అమ్మాయి వచ్చారు. కర్రకు అడ్డంగా గుర్తులు గీసిన పుల్ల కట్టి, తోక ఎంత పొడవుందో వంతులవారీగా కొలిపించింది. పదమూడు మందివీ పదమూడు అంకెలు వచ్చాయి. సిరిసిల్ల నుంచి వచ్చిన ఆ ఒక్క అమ్మాయి, నర్మద, పుల్ల ఊగుతోందని గమనించి, దారంతో కర్రకు బిగించి కట్టి మళ్లీ కొలిచింది. సంతోషమ్మ ఆ పిల్ల పేరు గుర్తుపెట్టుకుంది.

1966 ఎండాకాలంలో నర్మద బీఎస్సీ పూర్తయింది. ఆమె తండ్రి హనుమండ్లు మగ్గం నేసే మనిషి. బిడ్డను వెంటబెట్టుకుని సంతోషమ్మ ఇంటికి వచ్చాడు.

“మేడం, ఇంకా చదువుతనంటది. ఏం చదవాల్నో మీరు చెప్పుండ్రి. మీ లెక్క చుక్కలు చూస్తే అన్నం పెడ్తయా?”

“నాకు పెడుతున్నయి హనుమండ్లన్నా” అంది సంతోషమ్మ. తర్వాత కాగితం తీసి, ఏ ఎమ్మెస్సీకి ఏం చదవాలో, ఎక్కడ కొలువులుంటాయో, దేనికి ఎన్ని సీట్లో ఒక్కొక్కటి వివరంగా చెప్పింది. ఖగోళం గురించి చెప్పేటప్పుడు గొంతులో ఉత్సాహం దాచుకోలేకపోయింది. నర్మద తనలాగే దానినే ఎంచుకుంటుందని ఆమెకు గట్టి నమ్మకం.

“నాకు వైర్‌లెస్ కావాలె మేడం” అంది నర్మద.

సంతోషమ్మ మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. “ఎందుకు?”

“తోకచుక్కను చూసినప్పుడు నాకు తోకచుక్క మీద కన్న కర్ర మీదనే పానం గుంజింది. పనిముట్లు నా చేతులతోని తయారుజెయ్యాలె. రేడియో ఇప్పితే లోపల ఏమున్నదో చూడాలనిపిస్తది.”

ఆ జవాబు విన్నాక ముల్లు దానంతట అదే ఊడిపోయింది. పిల్ల తనకేం కావాలో తెలిసి అడుగుతోంది. నోటీసు బోర్డు ముందు తాను అడిగింది కూడా అట్లాగే. సంతోషమ్మ అప్పటికప్పుడే సిఫారసు ఉత్తరం రాసింది. ‘ఊగే పుల్లను కట్టి కొలిచిన విద్యార్థిని’ అన్న వాక్యం అందులో ప్రత్యేకంగా చేర్చింది. ఫిజిక్సులో నర్మదకు సీటొచ్చింది. చేరిన నెలకే తానే చేసిన చిన్న రేడియో గురించి నాలుగు పేజీల ఉత్తరం పంపింది.

ఆ ఉత్తరం చదివాక సంతోషమ్మ తన సంగతి ఆలోచించుకోసాగింది. యూనివర్సిటీ వాళ్లు ఊరి వెలుతురుకు దూరంగా పెద్ద దూరదర్శిని పెట్టే పనిలో ఉన్నారని ప్రొఫెసరు రాస్తూనే ఉన్నాడు. జంట నక్షత్రాల మీద పరిశోధనకు మనుషులు కావాలి. 1968లో రెండేళ్ల సెలవుకు దరఖాస్తు పెట్టింది. మంజూరైంది. బెల్లంపల్లికి వెళ్లి ఆ మాట చెబితే, కొలువు విరమించి ఇంట్లో ఉంటున్న మోషే లేచి, కొలత గొలుసు మోసిన తన పాత తోలుసంచిని తుడిచి ఆమె ముందు పెట్టాడు. సమ్మక్క మాత్రం బియ్యం ఏరుతున్న చాటను పక్కన పెట్టింది.

“ఇంకెంత చదువున్నదే?”

“చానా ఉన్నదవ్వా.”

“గట్లయితే తిని పో” అని లేచి పొయ్యి రాజేసింది.